నడుస్తున్న దుకాణం

ఇంటిపన్ను పెరగడం ఆ వీధికి కొత్తేమీ కాదు. ఎండల్లాగే అదీ ఏటా పెరుగుతుంది, జనం ఏటా తిట్టుకుని కడతారు. ఈసారి జైతున్‌బీకి వచ్చిన నోటీసులో మాత్రం ఇంటి ముందుగదిని దుకాణమని రాశారు. దుకాణమైతే విలువ వేరు, పన్ను వేరు. అంతటితో పోయినా ఆమె ఎలాగో గట్టెక్కేది. నడుస్తున్న వ్యాపారం ఉన్నవాడికి జబ్బు పింఛను దేనికని, పక్షవాతంతో మంచానపడ్డ ఆమె మొగుడు సుభానీ పింఛను కూడా ఆపేశారు. అతని మందులన్నీ ఆ పింఛను మీదే వస్తున్నాయి. మందులు ఆగితే రెండో వైపు కూడా పడిపోతుందని గుంటూరు డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

వార్డు ఆఫీసులో భవ్య అని ఓ అమ్మాయి ఉంది, మంచిపిల్ల. కొలతలకు వచ్చినవాళ్లు షట్టర్ తెరిచి ఉండటం చూసి దుకాణమని ఎక్కించారని కంప్యూటర్లో చూసి చెప్పింది. అప్పీలు పెట్టుకోమని అర్జీ తనే రాసిచ్చింది. ఇల్లు సుభానీ పేరున ఉంది కాబట్టి అతనితో వేలిముద్ర వేయించుకు రమ్మంది. దుకాణం మూతపడిందని ఆ అర్జీలో ఉన్న సంగతి జైతున్‌బీ మొగుడికి చెప్పలేదు. పింఛను కాగితమంది. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

షట్టర్ ఎందుకు తెరిచి ఉందో ఆమెకు తెలియక కాదు. రోజూ తెరిచేది ఆమే. సుభానీ తాతల నాటి నుంచీ వాళ్లది దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. ఒకప్పుడు ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా పెళ్లి పరుపంటే సుభానీ కుట్టాల్సిందే. తర్వాత ఫోము పరుపులు వచ్చి సగం బేరాన్ని తినేశాయి. మిగిలిన సగాన్ని పక్షవాతం తినేసింది. అయినా పొద్దున్నే షట్టర్ లేపి, గుమ్మం ముందు నీళ్లు చల్లి, సాంబ్రాణి వేస్తే తప్ప అతను టీ గ్లాసు ముట్టేవాడు కాదు. పోనీలే పాపం, ఖర్చేముందిలే అనుకుని ఆమె తెరిచేది. ఆ పాపమనుకోవడమే ఆమె కొంప ముంచింది.

అతనికి ఇంకో పట్టింపు కూడా ఉంది. వ్యాపారం చేసే ఇంట్లో చెడ్డమాట నోట రాకూడదు. దూది అయిపోతే అయిపోయిందనరు, నిండుకుందంటారు. సాయంత్రం మూసేద్దామనరు, కట్టేద్దామంటారు. బేరాలెలా ఉన్నాయని ఎవరైనా అడిగితే, కూర్చుని ఈగలు తోలుకుంటున్నా సరే, బాగున్నాయనే చెప్పాలి. పోయిందని నోటితో అన్న రోజే నిజంగా పోతుందని వాళ్ల నాన్న నేర్పాడు. సుభానీ ఏ చదువూ అంత బాగా నేర్చుకోలేదు.

అప్పీలు మీద విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ యలమంద వచ్చిన రోజు జైతున్‌బీ షట్టర్ లేపలేదు. సుభానీ టీ తాగలేదు. యలమంద ముందుగది తలుపు తీయించి చూశాడు. ఏకుడు మిషను నిండా దుమ్ము, మూలల్లో బూజు. దూది పోచ కూడా లేదు.

"దీన్ని దుకాణమని ఎవడు రాశాడమ్మా?" అన్నాడు. జైతున్‌బీకి ప్రాణం లేచొచ్చింది. నెలరోజుల తర్వాత మొదటిసారి కాస్త ఊపిరి పీల్చుకుంది.

యజమానిని కూడా ఒక మాట అడిగి రాసుకుంటే సరిపోతుందని చెప్పి యలమంద లోపలికి వచ్చాడు. చెడ్డవాడు కాదతను, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వచ్చిన పని మొహం మీదే అడగడం బాగోదని మామూలు పలకరింపుతో మొదలుపెట్టాడు.

"ఏం పెద్దాయనా, వ్యాపారం ఎలా ఉంది?"

జబ్బు చేశాక సుభానీ మాట ముద్దయిపోయింది. నీళ్లు కావాలన్నా రెండుమూడు సార్లు చెప్పాల్సిందే. అలాంటివాడు బాగున్న చేతిని మంచం మీద ఊతంగా ఆనించి, తల కాస్త ఎత్తి, గల్లాపెట్టె ముందు కూర్చున్నట్టే జవాబిచ్చాడు.

"బాగుందండి. చేతినిండా పని. కొలతలు చెప్పండి, మీకూ ఒకటి కుట్టిపెడతా."

యలమంద పెన్ను ఆగిపోయింది. ఆ మర్యాద అతనికి తెలియనిది కాదు, అతని మేనమామలూ పొగాకు వ్యాపారులే. కానీ కాగితానికి ఆ మర్యాదలేం తెలుస్తాయి? ఓనరే నడుస్తోందంటుంటే మూతపడిందని తనెలా రాసేదని, రేపు పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలని జైతున్‌బీని అడిగాడు.

ఆమె మొగుడి మంచం పక్కన కూలబడింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి దుకాణం లేదని చెప్పమని బతిమాలింది. పింఛను ఆగిన సంగతి, మందుల సంగతి, అతనికి తెలియకుండా దాచినవన్నీ ఆ పరాయి మనిషి ముందే కక్కేసింది. సుభానీ పెదవులు బిగించి పైకప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. యలమంద కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు జైతున్‌బీ లేచి నిలబడింది.

"ఆయన మాట పట్టించుకోకండి బాబూ. జబ్బుతో మతి పోయింది. ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలీదు."

ఒళ్లు పడినా బుర్ర మాత్రం చెక్కుచెదరలేదని, అదొక్కటే అదృష్టమని డాక్టరు చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. గుర్తుండే అంది. అన్నాక తన నోరు పడిపోతే బాగుండునని అనుకుంది.

యలమంద ఆమె మొహం చూశాడు, మంచం మీది మనిషి మొహం చూశాడు.

"అంతేనా పెద్దాయనా?"

సుభానీ పైకప్పు మీంచి చూపు దించి పెళ్లాం వంక చూశాడు.

"అంతేనండి," అన్నాడు. "నాకు మతి లేదు. ఆవిడ చెప్పినట్టే రాసుకోండి."

మతిలేనివాడు ఆ మాట అనడని యలమందకు తెలుసు. తల వంచుకుని రాసుకున్నాడు. టీ తాగమంటే వద్దని వెళ్లిపోయాడు.

అప్పీలు గెలిచింది. ముందుగది మళ్లీ ఇల్లయింది, పింఛను తిరిగొచ్చింది. భవ్య సంతోషంగా ఇంటికొచ్చి మరీ చెప్పింది. ఆఫీసులో రాసిన మాట ఆఫీసులోనే ఉండిపోవడానికి అదేం పెద్ద పట్నమా? సుభానీకి మతి లేదని వారం తిరిగేసరికి వీధంతా పాకింది. పలకరించడానికి వచ్చినవాళ్లు మంచం పక్కనే నిలబడి, ఎలా ఉన్నాడని జైతున్‌బీనే అడిగేవాళ్లు. పత్తి ధర దగ్గర ఏళ్ల తరబడి సుభానీతో బేరాలాడిన పత్తిరైతు బుల్లయ్య కూడా అంతే. వెళ్తూ వెళ్తూ చంటిపిల్లాడికి చేసినట్టు అతని తల నిమిరిపోయాడు. సుభానీ నిమరనిచ్చాడు.

బుల్లయ్య వెళ్లాక జైతున్‌బీ కంచంలో అన్నం కలుపుకుని వచ్చి కూర్చుంది. ఆకలేస్తోందా అని అడిగింది. ఆమెకు కావలసింది ఆ జవాబు కాదు. తిడతాడేమో, తిడితే బాగుండునని ఆశ.

"నాకేం తెలుస్తుంది," అన్నాడు సుభానీ. గొంతులో కోపం లేదు. "నువ్వే చెప్పాలి."

ఆమె ముద్ద పెట్టింది. అతను తిన్నాడు. ఇంకో ముద్ద పెట్టింది, అదీ తిన్నాడు. కంచం ఖాళీ అయినా చాలని అనలేదు. ఇక చాలా అని అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది.