కళ్లజోడు డబ్బాలో పళ్ల తొడుగు

...కాదు, తప్పంతా ఆ డబ్బాదే. నల్లటి డబ్బా, టక్కున పడే మూత. బావా తనూ నడిపే కళ్లజోళ్ల దుకాణంలో ప్రతి జోడుతోనూ ఇచ్చేది అదే. మొన్న భోజనానికి కూర్చుంటూ అతను పళ్ల మీది రిటైనర్ తొడుగు తీసి అలాంటి దాన్లో పెట్టి, అరలో ఉంచాడు. కొత్త జోడు కళ్లకి పెట్టుకుని బయల్దేరిన పెద్దావిడ ఖాళీ డబ్బా అడిగితే, బావ చేతికందింది తీసి ఇచ్చేశాడు. మూత తీసి చూస్తే వేళ్లు అరిగిపోతాయా?

"డబ్బాల మధ్య డబ్బా పెట్టి నన్నంటావేంట్రా?" అన్నాడు బావ, గల్లాపెట్టె దగ్గర్నుంచి. "డాక్టరు ఇచ్చిన డబ్బా ఏమైంది?"

ఇంట్లో ఉంది. ముదురు నారింజ రంగుది. నలుగురి ముందు తీయడానికి నామోషీ వేసి ఇంట్లోనే వదిలేశాడు.

అతను ఒక జోడు కాడకి మర బిగిస్తూ ముందు పళ్ల మీద నాలుక ఆడించాడు. ఎడమ పన్ను కాస్త ముందుకొచ్చినట్టుంది. లేక అనుమానమా? జోడు సరిచేసేటప్పుడు మనుషులు జానెడు దూరంలో కూర్చుని నేరుగా నోట్లోకే చూస్తారు. ఒకదాని మీదికొకటి ఎక్కిన పళ్లని ఇన్నేళ్లూ పెదవి బిగించి దాచుకున్నాడు. ఆ బాధ పడలేకే ఈ వయసులో క్లిప్పులు వేయించుకున్నాడు. అవి తీసిన రోజు డాక్టరమ్మ అడిగింది: "పళ్లు పాత చోటికి పోవాలని చూస్తుంటాయి. వెనక సన్న తీగ అతికించమంటారా, తీసి పెట్టుకునే తొడుగు ఇమ్మంటారా? తొడుగైతే జాగ్రత్త ఉన్న మనిషికే పనికొస్తుంది."

"నా పనే జాగ్రత్తలు చెప్పడమండీ," అన్నాడు, నవ్వుతూ. తీగ కింద దారం దూర్చి శుభ్రం చేసుకోవాలంటే బద్ధకం వేసిందని మాత్రం చెప్పలేదు.

తలుపు తెరుచుకుంది. ఆ పెద్దావిడే.

"ఏం నాయనా, కళ్ల కోసం వస్తే పళ్లిచ్చి పంపారేం?"

బావ పకపకా నవ్వాడు. అతను ఒక్క అంగలో వెళ్లి డబ్బా అందుకున్నాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"భయపడకు, శుభ్రంగా ఉంది. ఎవరి నోట్లోదో ఏమోనని సలసలా కాగే నీళ్లలో మరిగించి తెచ్చాను," అంది ఆవిడ.

తొడుగు ముడుచుకుపోయి ఉంది. వాష్‌బేసిన్ దగ్గరికెళ్లి పళ్లకి నొక్కి చూశాడు. ఒకవైపు కూర్చుంటే రెండోవైపు లేస్తోంది.

"వేడి నీళ్లలో వెయ్యకూడదండీ!"

"నాకెవరు చెప్పారు? నువ్వు చెప్పావా?"

రోజంతా ఈ గొంతుతోనే, చీర కొంగుతో అద్దాలు తుడవకండి, డబ్బాలోనే పెట్టండి, అని వచ్చినవాళ్లందరికీ పాఠాలు చెప్తాడు. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. బావ మీదికి తిప్పుదామనుకున్నాడు, అదీ కుదరలేదు. మనసు అడుగున ఇంకేదో తగిలింది. తొడుగు లేని ఈ రెండు రోజులూ అతని నోటికి సెలవు దొరికినట్టే ఉంది. పోయిందని లబలబలాడాడే గానీ, డాక్టరమ్మకి ఒక్క ఫోనైనా చేశాడా? పళ్లే కాదు, తానూ పాత చోటికి పోవాలనే చూస్తున్నాడు.

"ఏమయ్యా, నా ఖాళీ డబ్బా ఇస్తావా ఇవ్వవా?"

కొత్తది తీసి, మూత తెరిచి, లోపల ఏమీ లేదని ఆవిడకి చూపించి మరీ ఇచ్చాడు. బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అతను అటు తిరిగి ఫోను తీశాడు.

"డాక్టర్ గారూ, తొడుగు పాడైంది. మళ్లీ అది వద్దండీ. వెనక తీగే అతికించండి. ఇప్పుడే బయల్దేరుతున్నాను."