మంచె కింద పడవ

తెక్లా ఏడోసారి గడ దింపి చూసింది. గడకు కట్టిన ఎర్రగుడ్డ పీలిక మునిగింది. అంటే లోతు సరిపోతుంది. ఆరుసార్లు చూస్తే చాలని మేనేజరు ఓడెల్ అమ్మగారి నియమం. నాలుగు మూలలా నాలుగు, నడుమ రెండు. ఏడోది తెక్లా సొంతం. ఆరుతో ఆమెకు మనసు కుదుటపడదు. రాత్రి ఎగువనుంచి కొట్టుకొచ్చిన దుంగ ముక్క ఒకటి మంచె కాళ్ల మధ్య ఇరుక్కుని ఉంటే, కొక్కెంతో లాగి, దాన్ని నాలుగు తిట్లు తిట్టి, పడవకు కట్టి ఈడ్చుకుపోయి గట్టున పడేసింది.

స్టాక్‌హోంలో ఆడవాళ్ల స్నానాల రేవు అది. సరస్సు నీళ్లమీద తేలే చెక్క గదులు, వాటి చుట్టూ చెక్క నడవ, చివరన నీళ్లలోకి దూకడానికి కట్టిన ఆ మంచె. పది మీటర్ల ఎత్తు. పైన పలక మీద కాలు జారకుండా కొబ్బరి పీచు పట్టా పరిచి మేకులు కొట్టారు. ఆ పట్టా మీద ఏ మేకు లేచిందో, ఏది తుప్పు పట్టిందో తెక్లాకు తెలియదు. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆమె పైకెక్కలేదు. ఆమెకు ఈత రాదు. కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఈ సంగతి తెలిసి నవ్వుతారు. తెక్లా కూడా వాళ్లతోపాటు నవ్వి, చేపలకు వంట వచ్చా ఏమిటి అని అడుగుతుంది.

పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. యాభై నాలుగేళ్లకే మెడ ముందుకు వంగిపోయింది. పదిహేడో ఏట దీవి వదిలి పట్నం వచ్చి, పద్దెనిమిది చలికాలాలు మంచులో గొయ్యి తవ్వి అందులో ఊరివాళ్ల దుప్పట్లు జాడించిన చేతులు ఆమెవి. వేసవిలో కూడా ఆ వేళ్ల కణుపులు ఎర్రగానే ఉంటాయి. నల్లపావడా కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తి పిన్నీసులు పెట్టుకుంటుంది. తలగుడ్డ గడ్డం కింద ముడి. పడవలో కూర్చుంటే వెనకనుంచి చూసేవాళ్లకు మూట పెట్టినట్టు ఉంటుంది.

ఆమె పని చెబితే చిన్నదిగా కనిపిస్తుంది. కదలని నీళ్లు పైనుంచి చూసేవాళ్లకు కనిపించవు. గాలి లేని రోజున సరస్సులో మేఘాలే కనిపిస్తాయి, నీళ్లు ఎక్కడ మొదలవుతాయో తెలియదు. పైనుంచి దూకే పిల్ల తల ఎప్పుడు వంచాలో, చేతులు ఎప్పుడు కలపాలో నీటి మట్టాన్ని చూసి తెలుసుకోవాలి. అందుకని తెక్లా పడవలో మంచెకు పక్కగా ఉండి, పొడుగు కర్రకు కట్టిన బర్చ్ చెట్టు పుల్లల చీపురు నీళ్లలో ముంచి, పిల్ల పడబోయే చోట చిలకరిస్తూ ఉంటుంది. అక్కడ వలయాలు లేస్తాయి. అప్పుడు పైనున్న పిల్లకు నీళ్లు కనిపిస్తాయి. మొదలుపెట్టే ముందు "నీళ్లున్నాయి" అని గట్టిగా ఒక్క కేక వేస్తుంది. ఆ కేక దగ్గర్నుంచి పిల్ల నీళ్లలో పడేదాకా చీపురు ఆగకూడదు, తెక్లా తల ఎత్తకూడదు. తల ఎత్తితే చెయ్యి ఆగుతుంది. ఇది ఓడెల్ అమ్మగారు ఉద్యోగం ఇచ్చిన రోజే చెప్పింది.

అందుకే పంతొమ్మిదేళ్లలో వేలసార్లు తన నెత్తిమీదుగా పిల్లలు దూకినా, తెక్లా ఒక్క దూకుడు కూడా చూడలేదు. చప్పుడు మాత్రం విన్నది. చప్పుడును బట్టే మోకాలు వంగిందో, మడమ విడిందో చెప్పేది. న్యాయనిర్ణేతలు కాగితం మీద అంకె రాసేలోపే ఆమె పెదవులు ఆ అంకె పలికేవి. చాలాసార్లు రెండూ ఒకటే అయ్యేవి.

తలెత్తని అలవాటు ఆమెకు పడవ ఎక్కకముందే ఉంది. బట్టలుతికే రోజుల్లో ఒక రొట్టెల కొట్టు పనివాడు ప్రతి శనివారం రేవుకు వచ్చి, ఆమె బుట్ట పక్కన వేడి రొట్టె ఒకటి పెట్టి వెళ్లేవాడు. ఆరేళ్లు పెట్టాడు. అతను నోరు తెరిచి చెప్పలేదు, ఆమె తలెత్తి అడగలేదు. ఒక శనివారం రాలేదు. తరవాత శనివారమూ రాలేదు. ఆ రొట్టె రుచి గురించి ఇప్పటికీ ఆమె చెల్లెలికి చెబుతుంది గానీ, అతని మొహం ఎలా ఉంటుందో చెప్పలేదు. పిచ్చిమాలోకం అని చెల్లెలు తిడుతుంది. తిట్టినా తప్పులేదు.

పన్నెండు రోజుల కిందట మాత్రం ఆమె తలెత్తింది.

ఆ సాయంత్రం పైన ఉన్నది దాగ్నీ. చేతి తొడుగుల ఫ్యాక్టరీలో మిషను మీద వేళ్లు కుట్టే పిల్ల. మూడు వేసవుల కిందట మొదటిసారి వచ్చిన రోజునే, ఎవరూ చెప్పకుండా పైదాకా ఎక్కేసి, దిగడానికి భయమేసి, దిగడం కంటే దూకడమే నయమని దూకేసింది. అప్పటినుంచీ తెక్లాకు ఆ పిల్లంటే ప్రాణం. దాగ్నీ దూకితే చప్పుడు వేరుగా ఉంటుంది. కొత్త గుడ్డను ఒక్క లాగున చించినట్టు ఉంటుంది. ఆ చప్పుడు చేసే మనిషి గాలిలో ఎలా ఉంటుందో చూడాలని తెక్లాకు మూడేళ్లుగా ఆశ. ఆ సాయంత్రం ఎండ పచ్చగా ఉంది, ఆశ ఆగలేదు. తలెత్తింది. రెండు చేతులూ చాపి, నడుము విల్లులా వంచి, గాలి మీద పడుకున్నట్టు ఉంది పిల్ల. తెక్లా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. చీపురు నీళ్లలో నిలిచిపోయింది.

గాలి లేదు. నీళ్లు క్షణంలో సర్దుకున్నాయి. దాగ్నీకి కింద మేఘాలే కనిపించాయి. తల వంచేసరికి ఆలస్యమైంది. ధభీమని తొడలూ రొమ్మూ నీళ్లకు కొట్టుకున్నాయి. ఆ దెబ్బకు ముందే తెక్లా కళ్లు గట్టిగా మూసుకుంది. ముక్కునుంచి రక్తం కారుతున్న పిల్లను పడవలోకి లాగింది ఆమే. ఒళ్లంతా నీలం మచ్చలు. ఓడెల్ అమ్మగారు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, దగ్గుతూనే దాగ్నీ తప్పు నాదే అన్నది, నీళ్లు కనిపెట్టలేకపోయాను అన్నది. తెక్లా పెదవి కదపలేదు.

మచ్చలు వారంలో పోయాయి. భయం పోలేదు. తన కళ్ల మీద తనకు నమ్మకం పోయిందని దాగ్నీ అందరితోనూ అంటోంది. రోజూ పన్నెండు మెట్లెక్కి దిగిపోతోంది. ఈ రోజు వచ్చే నెల పెద్ద పోటీలకు ఇద్దరిని ఎంపిక చేసే రోజు. తెక్లా పన్నెండు రాత్రులు చెల్లెలి పక్కన పడుకుని అటు తిరిగీ ఇటు తిరిగీ ఆలోచించింది. నిజం చెబితే పిల్లకు ధైర్యం వస్తుంది, తన పడవ పోతుంది. చెప్పకపోతే పడవ ఉంటుంది. గదులు ఊడ్చేటప్పుడు, తువ్వాళ్లు పిండేటప్పుడు ఆమె ఉన్నా లేకపోయినా ఒకటే. పడవలో ఉన్నప్పుడు మాత్రం ఆమె లేనిదే పని జరగదు. ఆ ఒక్కటీ వదులుకోవడానికి ఆమెకు మనసు రాలేదు. సిగ్గుపడింది, అయినా రాలేదు.

మధ్యాహ్నానికి జనం వచ్చారు. నడవంతా టోపీలూ గొడుగులూ. న్యాయనిర్ణేతలలో ఇద్దరు మగవాళ్లు. ఆడవాళ్ల రేవులోకి ఏడాదికి ఒక్కరోజే వాళ్లకు ప్రవేశం. ఎటు చూడాలో తెలియక ఇద్దరూ తమ గడియారాలే చూసుకుంటున్నారు. గట్టి రొట్టె మీద ఉప్పుచేప పెట్టుకుని తింటున్న హిల్లెవి అనే లావుపాటి పిల్ల, ఈ అయ్యలకు నీళ్లు కనిపిస్తున్నాయో లేదో వెళ్లి కాస్త చిలకరించు పిన్నీ అన్నది. అందరూ నవ్వారు. హిల్లెవి అందరికంటే బాగా దూకుతుంది, అందరికంటే ఎక్కువ తింటుంది.

తెక్లా గది గదికీ తిరిగి పిల్లల భుజాల మీద బొత్తాలు పెడుతోంది. నల్ల ఊలు దుస్తులు అవి. తడిస్తే బరువెక్కుతాయి, బొత్తం ఊడితే పరువు పోతుంది. చివరి గదిలో దాగ్నీ బల్ల మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నాకు పెట్టకు పిన్నీ. పేరు కొట్టేయమని చెప్పేసి వస్తాను."

తెక్లా ఒక బొత్తం పెట్టింది. రెండోదాని మీద వేళ్లు ఆగిపోయాయి.

"నీ కళ్లకు ఏమీ కాలేదే."

"అందరూ అదే అంటారు."

"అందరికీ తెలియదు. నాకు తెలుసు. ఆ రోజు నేను తలెత్తాను. నిన్ను చూస్తూ చీపురు ఆపేశాను. నీళ్లు నీకు కనిపించకపోవడం కాదు, నేను చూపించలేదు."

దాగ్నీ తలెత్తి ఆమెను చూసింది. బయట ఎవరో పేర్లు పిలుస్తున్నారు.

"పన్నెండు రోజులనుంచి నన్ను నేను తిట్టుకుంటున్నాను. నువ్వు నాకు తువ్వాలు కప్పుతూ, జుట్టు తుడుస్తూ, వింటూనే ఉన్నావు."

"విన్నాను. పడవ పోతుందని నోరు మూసుకున్నాను."

దాగ్నీ లేచి నిలబడింది. తెక్లా చెయ్యి పక్కకు నెట్టి, రెండో బొత్తం తనే పెట్టుకుంది. తలుపు తీసుకుని మంచె వైపు వెళ్లిపోయింది. పేరు కొట్టేయించుకునే బల్ల అటుకాదు, ఇటు. తెక్లాకు ఆ సంగతి అర్థమయ్యేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తలగుడ్డ కొసతో తుడుచుకుని, పడవ దగ్గరికి నడిచింది.

ఆ రోజు కూడా గాలి లేదు. సరస్సు ఆవలి గట్టున బీరు కాచే బట్టీ పొగ నిటారుగా లేచి నిలబడి ఉంది. ముగ్గురు పిల్లలు దూకారు. నాలుగోది దాగ్నీ. మెట్లు కిర్రుమంటుంటే తెక్లా లెక్కపెట్టింది. పన్నెండు. ఆగింది. పదమూడు. పద్నాలుగు. తరవాత లెక్కపెట్టలేదు, చీపురు ముంచింది.

"నీళ్లున్నాయి."

గొంతు ఎప్పటికంటే గట్టిగా వచ్చింది. నడవ మీద ఎవరో ఉలిక్కిపడ్డారు. పైన అలికిడి లేదు. తెక్లా భుజం లాగుతోంది, చెమట కళ్లలోకి దిగుతోంది. తల మీదంతా ఎవరో చూస్తున్నట్టుగా ఉంది, మెడ దానంతట అదే లేవబోతోంది. చీపురు వేసే వలయాలనే చూస్తూ, మెడను రొమ్ముకు అదిమిపెట్టింది. ఒకటి పోతే ఒకటి, ఒకటి పోతే ఒకటి వేసింది. పీచు పట్టా మీద మునివేళ్లు రాసుకున్న చప్పుడు. తరవాత ఏమీ లేదు. ఆ ఏమీ లేని క్షణం ఎంత పొడుగో తెక్లాకు మొదటిసారి తెలిసింది.

గుడ్డ చిరిగింది. ఒక్క లాగున.

రెండో దూకుడుకు కూడా అదే చప్పుడు. హిల్లెవి మొదటిది, దాగ్నీ రెండోది. పిల్లలు దాగ్నీని ఎత్తుకుని నడవంతా తిప్పారు. ఆమె పడవ వైపు చూడలేదు. చూడనక్కర్లేదని తెక్లా అనుకుంది, అనుకున్నా గుండె కలుక్కుమంది.

జనం పలచబడ్డాక తెక్లా ఓడెల్ అమ్మగారి గదికి వెళ్లి, అడగకుండానే జరిగింది చెప్పింది. అమ్మగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె చెడ్డమనిషి కాదు. పంతొమ్మిదేళ్ల మనిషిని బయటికి పంపనని, ఉతుకుడు గదిలో ఉండవచ్చని అన్నది. పడవ మాత్రం ఇక ఎక్కవద్దన్నది. తనైనా అదే అనేదాన్నని తెక్లా ఒప్పుకుంది. ఉతుకుడు గది వద్దని, దీవికి తిరిగి వెళ్తానని, చెల్లెలు తరవాత వస్తుందని, ఆరుగంటల ఆవిరి పడవకు బయలుదేరతానని చెప్పింది. చెప్పేదాకా ఆ ఆలోచన ఆమెకే తెలియదు.

చీపురు మూలన పెట్టడానికి వస్తుంటే నడవ మీద దాగ్నీ ఎదురొచ్చింది. తడి జుట్టు. గోడలు చెక్కవి, మాటలు ఆగవు. అంతా విన్నట్టుంది. దగ్గరికి వచ్చి తెక్లా చేతిలోంచి చీపురు లాక్కుంది. హిల్లెవిని కేకేసి పడవ ఎక్కమంది. నోట్లో ఉన్నది మింగి వస్తానని హిల్లెవి గొణుగుతూనే వెళ్లింది.

"ఆ బల్ల మీద కూర్చో పిన్నీ. చూస్తూ కూర్చో. కళ్లు మూసుకున్నావంటే ఊరుకోను."

"నామీద కోపం లేదా?"

"ఉంది. అయినా చూడు."

"వస్తాను, ఉండు" అని తెక్లా వంటగదిలోకి వెళ్లి, కాసేపటికి తిరిగి వచ్చి బల్ల మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పంతొమ్మిదేళ్లుగా ఈ కేక వేళ ఆ చేతులు ఖాళీగా లేవు. హిల్లెవి పడవలోంచి నీళ్లున్నాయని అరిచింది, తెక్లా గొంతును వెక్కిరిస్తూ. తెక్లాకు నవ్వొచ్చింది.

దాగ్నీ మెట్లెక్కింది. ఎక్కేటప్పుడు కుడిచెయ్యి కమ్మీని వదలదని తెక్లాకు ఇప్పుడు తెలిసింది. పైన నిలబడి ఊపిరి పీల్చింది. మడమలు లేచాయి. చేతులు పక్కలనుంచి విచ్చుకున్నాయి. కింద పడటం కాదది. ముందు పైకి లేచింది పిల్ల. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు తెక్లాకు. పైకి లేచి, గాలిలో ఒక్క క్షణం ఆగి, రొమ్ము ఎత్తి, ఎండంతా ఒంటిమీద వేసుకుని, అప్పుడు వంగింది. చేతులు కలిశాయి, తల వాటి మధ్యకు దిగింది, వలయాల నడుమ నీళ్లు తెరుచుకుని ఆమెను తీసుకుని మూసుకున్నాయి. తెక్లా రెప్ప వెయ్యలేదు. తను ఇన్నేళ్లూ ఇంత అందానికి కింద కాపలా కాసిందని ఇప్పుడు తెలిసింది. పన్నెండు రోజుల దిగులంతా కరిగిపోయి ఒళ్లు తేలికైంది. దూరంగా ఆరుగంటల పడవ కూత వేసింది.

దాగ్నీ తల నీళ్లమీదికి తేలడం చూసింది. ఆ పిల్ల నవ్వుతూ కళ్లు తుడుచుకోవడం చూసింది. చూడవలసింది చూసేశానని లేచి, పావడా పిన్నీసులు తీసి కుచ్చిళ్లు దింపుకుని, నడవ వెంట గట్టుకు వెళ్లిపోయింది.

దాగ్నీ వణుకుతూ నడవ ఎక్కి బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పిన్నీ అని రెండుసార్లు పిలిచింది. బల్ల మీద ఎవరూ లేరు. వేడి ఆరకుండా ఊలు మేజోడు తొడిగిన కాఫీ కూజా ఒకటి ఉంది. మూత తీస్తే ఇంకా ఆవిరి వస్తోంది.