రెప్ప వాల్చనివాడు

మందు సీసాల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ డేగ అని పిలిచేవారు. ఆ పేరంటే అతనికి ఎంత మురిపెమంటే, అసలు పేరుతో పిలిస్తే వెంటనే పలికేవాడు కాదు. పని చూడ్డానికి చిన్నదే. ఎదురుగా తెల్లటి లైటు పలక, దాని ముందు కదిలే బెల్టు, బెల్టు మీద తేట ఇంజెక్షన్ మందు నింపిన గాజు సీసాలు. గాజులో పగులో, మందులో నలుసో కనబడితే ఆ సీసా తీసి పక్క ట్రేలో పెట్టాలి. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. "కుర్చీలో కూర్చున్నానంటే రెప్ప వాల్చను" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పేవాడు. వాళ్ళు అడగకపోయినా చెప్పేవాడు.

అలాంటి డేగకి రెండు నెలల నుంచి కళ్ళు టపటపా కొట్టుకోవడం మొదలైంది. పొద్దున్న బెల్టు దగ్గర మొదలైతే సాయంత్రం ఇంటికి చేరినా ఆగేది కాదు. తోటివాళ్ళకి జాలి పుట్టేలోగా పేరు పుట్టింది. డేగ పోయి ఇండికేటర్ వచ్చింది. "ఇండికేటరన్నా, ఎడమకా కుడికా?" అని మూతలు బిగించేవాడు రోజూ అడిగేవాడు. వాడికి వచ్చిన జోకు అదొక్కటే. రోజూ మొదటిసారి విన్నట్టు తనే నవ్వుకునేవాడు.

అసలు తలనొప్పి కొత్త మేనేజరు. ఆయన వచ్చి మూడు నెలలైంది. వచ్చీ రాగానే రెండు ఘనకార్యాలు చేశాడు. ఒకటి, తన బల్లకి చలి కొడుతోందని ఏసీ గాలిని డేగ కుర్చీ వైపు తిప్పించాడు. రెండు, డేగ కోతలు విని మురిసిపోయి, వాటినే అందంగా రాయించి గోడకి తగిలించాడు. 'రెప్ప వాల్చని చూపే మన బలం' అని అరచేయంత అక్షరాలు. మాటవరసకి అనే మాటని మనిషి నిజంగా ఆచరిస్తే ఏమవుతుందో ఆయనకీ తట్టలేదు, డేగకీ తట్టలేదు.

"ఆ బోర్డు కింద కూర్చుని నువ్విలా కళ్ళు కొట్టుకుంటుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారయ్యా?" అన్నాడు మేనేజరు సోమవారం నాడు. "శుక్రవారం పరీక్ష పెడతా. రెండొందల సీసాల్లో పది చెడ్డవి కలుపుతా. పదీ పట్టావా, కుర్చీ నీది. ఒక్కటి జారిందా, అట్టపెట్టెలు మడిచే సెక్షన్‌కి వెళ్ళిపో."

అట్టపెట్టెలు మడవడం తప్పు పనేం కాదు. కానీ డేగకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ కుర్చీ పోతే తను ఎవడో తనకే తెలియదు.

ఇంట్లో బావమరిది సిద్ధంగా ఉన్నాడు. అతను అమ్మేది ఫోన్ కవర్లు, చేసేది వైద్యం. "బావా, ఇది విటమిన్ లోపం. నేను చూశాగా," అని ఫోన్ చూపించాడు. కాసేపటికి అదే వేలితో ఇంకాస్త కిందికి జరిపి, నరాల బలహీనత అన్నాడు. అన్నం తిని చేయి కడుక్కునేలోగా దిగులు జబ్బు అన్నాడు. క్యారెట్ రసం తాగించాడు, కళ్ళ మీద కీరా ముక్కలు పెట్టించాడు. చివరికి, "పరీక్ష ఒక్క గంటేగా బావా, పైరెప్పలకి ప్లాస్టర్ అంటించేద్దాం," అన్నాడు. ఇంతటి మేధావి కవర్ల కొట్లో మగ్గిపోవడం లోకానికి పెద్ద నష్టమే.

"ఆదివారాలు మీకు కళ్ళు కొట్టుకోవు, చూసుకున్నారా?" అంది భార్య, కీరా ముక్కలు తీసి పారేస్తూ.

"ఆదివారం పని లేదు కాబట్టి కొట్టుకోవు."

"నేను చెప్పేదీ అదేగా!"

డేగ ఆ మాట చెవిన పెట్టలేదు. ఇరవై రెండేళ్ళు నలుసులు ఏరినవాడికి ఇంట్లో మనిషి చెప్తే కనిపించేదేముంటుంది? మర్నాడు ఆమే చేయి పట్టుకుని కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ అక్షరాలు చదివించింది, రెప్పలు తిప్పి చూసింది, ఓ సన్నటి కాగితం ముక్క కింది రెప్పలో పెట్టి ఎంత తడుస్తుందో చూసింది. అది సరిగ్గా తడవనే లేదు.

"పని చేసేటప్పుడు రెప్పలు ఎన్నిసార్లు వేస్తారు?"

"వెయ్యనమ్మా," అన్నాడు డేగ ఛాతీ విరుచుకుని. "ఇరవై రెండేళ్ళుగా వెయ్యలేదు."

"అదేనండీ మీ జబ్బు! పైగా మొహానికి ఏసీ గాలి అంటున్నారు. కళ్ళు ఎండిపోయి, నీళ్ళ కోసం కొట్టుకుంటున్నాయి. చుక్కలు రాస్తాను, వేసుకోండి. ఆ గాలి పక్కకి తిప్పించండి. నాలుగు సీసాలకోసారి కళ్ళు పూర్తిగా మూసి తెరవండి. అలవాటు లేదంటే నేర్చుకోండి."

బయటికొచ్చాక భార్య, "ఆదివారాలు!" అని మాత్రం అంది. ఆ ఒక్క మాట డేగకి ఇల్లు చేరేదాకా గుచ్చుకుంది. మూడు రోజులు చుక్కలు వేసుకుంటూ, గోడ ముందు కూర్చుని, పసిపిల్లాడు నడక నేర్చినట్టు రెప్ప వేయడం నేర్చుకున్నాడు. సిగ్గేసింది. అయినా నేర్చుకున్నాడు.

శుక్రవారం పరీక్షకి ముందు అట్టముక్క ఒకటి తెచ్చి గాలి వచ్చే కంతకి అడ్డం పెట్టాడు. మేనేజరు మొహం చిట్లించాడు. మూతలవాడు ఇండికేటర్ జోకు ఇంకోసారి వేశాడు. బెల్టు కదిలింది. నాలుగు సీసాలు చూడడం, కళ్ళు నిండుగా మూయడం, తెరవడం.

"ఇదేంటయ్యా, నిద్రపోతున్నావా? బోర్డు చదివావా లేదా?" అన్నాడు మేనేజరు.

డేగ ఇంకో నాలుగు సీసాలు చూసి, మళ్ళీ కళ్ళు మూసి తెరిచాడు. కళ్ళు ఇంకా కాస్త మండుతూనే ఉన్నాయి. చివరి సీసా దాటాక మేనేజరు ట్రే దగ్గరికి వచ్చి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"పదకొండు! పది పెడితే పదకొండు తీశావు. నా పదీ సరే, ఈ మంచి సీసాని కూడా చెడ్డదంటావా? కళ్ళు మూసుకుని చేస్తే ఇలాగే ఉంటుంది."

"మీరు మంచివనుకున్న నూట తొంభై ఎవరు చూశారు సార్?"

"నేనే చూశాను. ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని, రెప్ప వాల్చకుండా చూశాను."

డేగ ట్రేలోంచి ఆ సీసానే తీసి ఆయన చేతికిచ్చాడు. మేనేజరు దాన్ని లైటు పలక ముందు పట్టుకుని గుడ్లప్పగించి చూశాడు. ఏమీ లేదన్నాడు. ఇంకా దగ్గరగా పెట్టుకుని చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు కమ్మాయి, అయినా పట్టుదలగా చూస్తూనే ఉన్నాడు. మూతలవాడు కూడా నవ్వడం మానేసి మెడ చాచాడు.

"ఏదయ్యా? ఎక్కడ?"

"అడుగున, వెంట్రుకంత పగులు," అన్నాడు డేగ. "ఒక్కసారి రెప్ప వెయ్యండి సార్, కనిపిస్తుంది."