వంటింటి పీట, వెనక సీటు

నేను వడ్రంగిని. నలభై ఏళ్ళు కుర్చీలు, తలుపులు, మంచాలు చేశాను. మోటారు సైకిలు నడపడం వచ్చు గానీ దాన్ని విప్పి బిగించడం నా పని కాదు. ముందే చెప్తున్నాను, తర్వాత నవ్వొద్దు.

ప్రతి ఆదివారం మా ఆవిడ నా బండి వెనక ఒకవైపు కాళ్ళు వేసి కూర్చుని వాళ్ళక్క ఇంటికి వచ్చేది. ఈమధ్య తన మోకాలు పట్టేసింది. మూడు వారాలు వరసగా సీటు మీద చెయ్యి వేసి నిలబడడం, కాలు లేవక లోపలికి వెళ్ళిపోవడం. నాలుగో వారం తేల్చేసింది.

"బండి అల్లుడికి ఇచ్చెయ్యండి. ఎలాగూ అడుగుతున్నాడు."

"నీ మోకాలికి నొప్పొస్తే బండి ఏం చేసిందే?"

"నేను లేకుండా మీరొక్కరే ఎక్కడికి తిరుగుతారట?"

అదీ నిజమే. తను వెనక లేకపోతే ఆ బండితో నాకూ పని లేదు. వచ్చే ఆదివారం దాకా గడువు అడిగాను. ఆ రోజు ఎక్కలేకపోతే సాయంత్రం అల్లుడు వచ్చి పట్టుకుపోతాడంది.

సోమవారం సీటు పట్టాను. వెనక భాగంలో రెగ్జిన్ ఊడదీసి, కూరగాయల కత్తితో స్పాంజి రెండంగుళాలు కోసి, అడుగున ఉన్న ఇనప పళ్ళకి రెగ్జిన్ మళ్ళీ లాగి తగిలించాను. కత్తి సంగతి ఇంట్లో చెప్పలేదు. నేను చెప్తుంటే ఇది రాస్తున్న మనవరాలు ఎలాగూ చెప్పేస్తుంది.

తర్వాత మెట్టు. అటక అందుకోవడానికి మా ఆవిడకి ఒకప్పుడు పీట చేసిచ్చాను. ఎత్తు తొమ్మిది అంగుళాలు. దాని మీదకి తన మోకాలు పేచీ పెట్టకుండా ఎక్కుతుంది. బండికీ అదే ఎత్తులో మెట్టు ఉంటే చాలనుకున్నాను. పాత ఇనప మంచం పట్టీ రంపంతో కోసి, ఆకురాయితో అంచులు అరగదీశాను. చేతి బరమాతో రెండు చిల్లులు పెట్టేసరికి రెండు రోజులు పట్టింది. బండికి తను ఎక్కే పక్క బోల్టులు వేసి పానాతో బిగించి, స్టాండు మీదున్న బండికి టేపు పెట్టి చూశాను. సరిగ్గా తొమ్మిది.

ఆదివారం పొద్దున నేను ముందు కూర్చున్నాను. తను మెట్టెక్కి వెనక కూర్చుంది.

"ఎలా ఉంది?"

"కుర్చీలా ఉంది." అంటే బాగుందని.

బండిని స్టాండు మీంచి ముందుకి తోశాను. దభీమని దిగింది. గేటు దగ్గర సిమెంటు గట్టు దాటుతుంటే మెట్టు దానికి తగిలి, గర్రున గీసుకుని వంకరపోయింది. తను నా చొక్కా పట్టుకుని దిగిపోయింది.

"కొలిచారా అసలు?"

"కొలిచాను. స్టాండు వేసి."

"స్టాండు వేసుకునే వెళ్తామా మా అక్క ఇంటికి?"

నేను చేసిన ఏ కుర్చీ అయినా మనిషి కూర్చుంటే కుంగిందా? బండి కుంగుతుంది. స్టాండు తీస్తే కొంత, ఇద్దరం కూర్చుంటే ఇంకొంత. తొమ్మిదిలో నాలుగు అంగుళాలు అక్కడే పోయాయి. మెట్టు పైకి జరిపితే తన కాలు లేవదు. తను లోపలికెళ్ళి అల్లుడికి ఫోన్ చేసింది.

మధ్యాహ్నం మెట్టు విప్పేద్దామని కూర్చున్నాను. నేల మీద కూర్చోలేక వంటింటి పీట తెచ్చుకున్నాను. రెండో నట్టు వదులవుతుండగా, నేను కూర్చున్నది దేని మీదో అప్పుడు తట్టింది. వారం రోజులు ఇనుముతో పీట చేస్తున్నాను, పీట ఇంట్లో పెట్టుకుని.

పీటకి మూరెడు తాడు కట్టాను. సీటు బోల్టు కింద కుడివైపు ఒక కొక్కెం బిగించాను, పీట సైలెన్సరుకి తగలకుండా కాస్త పైకి.

సాయంత్రం అల్లుడు వచ్చి నిలబడ్డాడు. "తాళం ఇస్తారా మామయ్యా?"

"ఒక్క నిమిషం ఆగు బాబూ. మీ అత్తయ్యని పిలు."

తను వచ్చింది. "ఇంకేం మిగిలిందని?"

"పీట ఎక్కు, అంతే."

ఈసారి స్టాండు తీసేసి, రెండు కాళ్ళూ నేలకి ఆనించి బండి పట్టుకున్నాను. తను పీటెక్కి సీటు మీద కూర్చుంది. తాడు లాగి, పీట పైకి తీసుకుని, అటు పక్క కొక్కేనికి తగిలించింది. గట్టు దాటాం. ఏమీ గీసుకోలేదు.

"అత్తయ్యా, మరి బండి?" వెనక నుంచి అల్లుడు.

"మా అక్కని చూసొస్తాం. తలుపేసుకుని కూర్చో బాబూ."

వాళ్ళక్క గుమ్మంలోనే ఉంది. తను పీట దించుకుని, దాని మీద కాలు పెట్టి దిగుతుంటే చూసింది.

"పీట కూడా తెచ్చుకున్నావేమే? మా ఇంట్లో కూర్చోబెట్టమనుకున్నావా?"

ఇప్పుడు పీట బండికే ఉంటుంది. అటక మీదవి నేనే దించాలి.