ఆదివారం కాపురం

ఊరి చివర కడుతున్న విల్లాలన్నిటిలోకీ పెద్దది నాది. కింద హాలు, పైన నాలుగు పడగ్గదులు, మేడ మీద తోట. సోఫా ఎంత మెత్తనంటే, ఆ మధ్య ఒక బ్యాంకు ఆఫీసరు అందులో కూర్చుంటే సాయంత్రానికి గాని ఆయన్ని బయటికి తియ్యలేకపోయాం. గేటు దగ్గర కాపలా ఎంత గట్టిదంటే, గాలి కూడా రిజిస్టరులో సంతకం పెట్టాకే లోపలికొస్తుంది.

అయితే ఇదంతా ఆదివారం ఒక్కరోజే నాది. సాయంత్రం కాగానే మేనేజరు తాళం వేసుకుంటాడు. ఒంటిమీది చొక్కా విప్పి ఆయనకిచ్చేసి, నా చొక్కా తొడుక్కుని బస్సెక్కుతాను.

విల్లాలన్నిటిలోకీ అన్న మాట కూడా నిజం కాదు. కట్టింది ఇదొక్కటే. ప్రహరీ అవతల చెట్లు అచ్చేసిన పెద్ద ఫ్లెక్సీ ఉంటుంది. మిగతా ఇళ్ళన్నీ దాని వెనకున్నాయనీ, అక్కడి కుటుంబాలకి ఇబ్బందని ఎవర్నీ అటు పోనివ్వమనీ మేనేజరు చెబుతాడు. అక్కడున్నది మేకులు కొట్టి తాళ్ళు లాగిన ఖాళీ నేల. నాకెలా తెలుసంటే, ఆ ఫ్లెక్సీ కట్టింది నేనే. వారంలో మిగతా రోజుల్లో నా పని అదే.

కొనేవాళ్ళు వచ్చినప్పుడు ఇక్కడ కాపురం ఉన్నట్టు కనిపించడం నా ఆదివారం ఉద్యోగం. ఎనిమిది వందలు, మధ్యాహ్నం భోజనం. పొట్టివాణ్ణని నన్ను ఎంచుకున్నారు. నా పక్కన ఏ గదైనా పెద్దగానే ఉంటుంది. నా భార్యగా పెట్టిన మనిషి టైలరు, మా వీధే, నాకంటే పదేళ్ళు పెద్దది. కొత్త కుట్టుమిషను వాయిదాలు ఈ ఆదివారాలతోనే కడుతోంది.

ఆ రోజు పొద్దున్నుంచి మూడు కుటుంబాల ముందు నవ్వేసరికి దవడలు పట్టేశాయి. భోజనం పొట్లం విప్పామో లేదో కంపెనీ కారు మళ్ళీ వచ్చింది.

"ఏరా, లేవండి లేవండి," అన్నాడు మేనేజరు పరిగెత్తుకొచ్చి. "ఈవిడ నర్సు. పద్దెనిమిదేళ్ళ పీఎఫ్ తీసి, చెక్కు రాసుకుని మరీ వచ్చింది. అడ్వాన్సు ఒకసారి కట్టాక వెనక్కి రాదని మనం చెప్పక్కర్లేదు, కాగితంలో ఉంది. నువ్వు కాస్త తక్కువ కూయి."

నర్సు, బస్సు డ్రైవరైన ఆమె భర్త, అత్తగారు లోపలికొచ్చారు. నర్సు రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, గుమ్మం దగ్గరే గోడకి ఆనుకుంది.

"ఏం నాయనా, ఇంతింట్లో ఇద్దరే ఉంటారా? ఒకళ్ళనొకళ్ళు ఎలా వెతుక్కుంటారు?" అంది అత్తగారు.

"ఫోను చేసుకుంటామండీ. మొన్న వంటింట్లో దారి తప్పితే ఈవిడే మనిషిని పంపించింది."

"ఏవండీ, చాల్లెండి," అంది టైలరు. ఆ 'ఏవండీ' అన్నప్పుడల్లా ఆమె మొహం వేలికి సూది దిగినట్టు అయిపోతుంది.

అత్తగారు నవ్వింది. డ్రైవరూ నవ్వాడు. నర్సు మాత్రం, "పైన గది చూడొచ్చా?" అని మెట్లెక్కింది.

"మేముండేది వెల్డింగు షాపు మీద బాబూ," అన్నాడు డ్రైవరు. "రాత్రంతా డ్యూటీ చేసొచ్చి, పగలు చెవుల్లో దూది కుక్కుకుని, నెత్తిమీద దిండు పెట్టుకుని పడుకుంటుంది. అయినా నిద్రే పట్టదు. ఆ నిద్ర కోసమే ఈ ఇల్లు అనుకో."

"నాకైతే చెవుడు గనక బతికిపోయాను," అంది అత్తగారు.

నర్సు ఎంతకీ దిగి రాలేదు. వెళ్ళి తలుపు తోసి చూశాను. మంచం అంచున, చెప్పులతోనే, బ్యాగు చంకలో పెట్టుకుని నిద్రపోతోంది. గది విశాలంగా కనబడాలని ఆ మంచం జానెడు పొట్టిగా చేయించారు. ఆమె పాదాలు బయటికి వేలాడుతున్నాయి. నోరు కొంచెం తెరుచుకుంది. ఈగ చప్పుడు కూడా లేదు.

నాకు పోయిన నెల వచ్చిన రిటైరైన మేస్టారు గుర్తొచ్చాడు. మూడేళ్ళ కిందట అడ్వాన్సు కట్టిన మనిషి. "నా ఇల్లు ఏదో చూపించండి, చూసి వెళ్ళిపోతాను," అని మెట్లమీద కూర్చున్నాడు. కాపలావాళ్ళు చెయ్యి పట్టుకుని లేపితే మర్యాదగానే లేచి వెళ్ళిపోయాడు.

కిందికొచ్చేసరికి మేనేజరు కాగితాలు పరిచి డ్రైవరు చేతిలో పెన్ను పెట్టాడు. "ఇదే ఆఖరు విల్లా సార్. ఇంకో పార్టీ దారిలో ఉంది."

"డబ్బు ఆవిడదండీ. ఆవిడ లేవనీయండి."

"అలాగా. అమ్మా, మేడం గారిని కాస్త లేపండి," అన్నాడు మేనేజరు టైలరుతో.

ఆమె మెట్లెక్కబోతుంటే నేను అడ్డం నిలబడ్డాను.

"పడుకోనీ అక్కా. రాత్రంతా నిలబడొచ్చింది."

చెవుడున్న అత్తగారికి ఆ ఒక్కమాటా వినపడింది. "పెళ్ళాన్ని అక్కా అంటావేంట్రా?"

"అంటే... ప్రేమగా అండీ."

"ప్రేమొస్తే అక్కా అయితే, కోపమొస్తే పిన్నీ అంటావా?"

మేనేజరు పెద్దగా నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. ఆ గోలకి నర్సు లేచొచ్చి పైమెట్టు మీద నిలబడింది. చెంపమీద దుప్పటి మడతలు అచ్చుపడ్డాయి.

"బాబూ, ఈ ఇంట్లో ఉండేవాడివి గనక అడుగుతున్నా," అంది. "పగలు ఇక్కడ ఎప్పుడూ ఇలాగే ఉంటుందా? చప్పుడు లేకుండా?"

నా దగ్గర అప్పటికప్పుడు పది జవాబులున్నాయి. ఇక్కడ పిట్టలు కూడా సైగలు చేసుకుంటాయండీ అనొచ్చు. టైలరు నా మోచెయ్యి పట్టుకుంది. ఆపడానికో, చెప్పమనడానికో తెలియలేదు.

"నేనిక్కడ ఉండనండీ," అన్నాను. "రోజుకూలికి వస్తాను."

"మావాడికి జోకులెక్కువ మేడం," అన్నాడు మేనేజరు. "పొద్దున్నుంచీ ఇదే వరస."

అదీ నిజమే. నర్సు నా మొహంలోకి చూసింది. జ్వరం చూసేటప్పుడు రోగిని అలా చూస్తారనుకుంటాను.

"జోకా?"

"కాదండీ. ఈవిడ నా భార్య కాదు. ఆ చెట్ల వెనక ఇళ్ళు లేవు. ఇక్కడ ఎవరూ ఉండరు, అందుకే చప్పుడు లేదు. మేం కూడా ఉండం."