ఆమె పలకని పేరు

ధాపూకి ఉన్న భయం ఒక్కటే. థార్ ఎడారి ఎండలో, సోలార్ పలకల వరుసల మధ్య తన భర్త సొమ్మసిల్లి పడిపోతే ఎవరూ చూడరేమోనని. అతని ఫోను మూగబోయి తొమ్మిది రోజులైంది.

ఒకప్పుడు అదే నేల మీద అతను గొర్రెలు కాసేవాడు. దూరాన అతని అదిలింపు వినబడితే చాలు, ధాపూ పొయ్యి మీద పెనం పెట్టేది. ఇప్పుడు ఆ నేలంతా పలకలే. అతను వాటిని కడిగే కూలీ; రాత్రీ పగలూ కంచె లోపలే ఉంటాడు, బయటివాళ్లను లోపలికి రానివ్వరు.

పలకలు కడిగే నీళ్ల ట్యాంకరు ఊళ్లో ఆగగానే, ధాపూ చంటిపిల్లను చంకనేసుకుని పరుగెత్తింది.

"అన్నా, మా పిల్ల నాన్న ఎలా ఉన్నాడో కాస్త కనుక్కోవా?"

పైఊరి డ్రైవరు నవ్వాడు. "అక్కడ వెయ్యిమంది నాన్నలున్నారు చెల్లెమ్మా! అందరూ మొహానికి గుడ్డ చుట్టుకునేవాళ్లే. పేరు చెప్పు."

ధాపూ ముసుగు మరికాస్త కిందికి లాక్కుంది. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని అత్త చెప్పిన మాట గుర్తొచ్చింది.

"గొర్రెల్ని అదిలించినట్టు ఓ కేక వెయ్యన్నా. తిరిగి చూసినవాడే మా ఆయన."

"నన్ను పిచ్చోడంటారు తల్లీ!" అంటూ అతను బండి కదిలించాడు. దుమ్ము అణిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.

ఆమె పలకలేని పేరు కేసారామ్. మీరు అటువైపు వెళ్తే, ఆ పేరుతో ఓ కేక వేసి, ఎలా ఉన్నాడో చూడండి.