సముద్రం కింద తెబికె

వకీలుగా తెబోరా గెలిచిన ఆఖరి కేసు తెబికె అనే కొబ్బరితోటది. మయానా దీవిలో ఇయెరెమియా అనే ముసలాయన ఆ తోట హద్దు గురించి సొంత అక్క రూటా మీద దావా వేశాడు. సీమపనస చెట్టు దాకా తనదేనని ఆయన, బావి దాకా తనదని ఆవిడ. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. ఇయెరెమియా తరఫున తెబోరా వాదించింది; కోర్టు చెట్టు మాటే నమ్మింది.

హద్దురాయి పాతించడానికి సర్వేయరును వెంటబెట్టుకుని తెబోరా పడవలో మయానా వెళ్ళింది. ఆ తోటను కళ్ళారా చూడటం ఆమెకు అదే మొదటిసారి. చూడటానికి తోటే లేదు. మోకాటిలోతు నీళ్ళు, అక్కడక్కడ నల్లబడిన కొబ్బరి మోళ్ళు. ఆ నీళ్ళలో అక్కాతమ్ముళ్ళిద్దరూ ఎడమొహం పెడమొహంగా నిలబడి ఉన్నారు.

"మునిగిపోయిందని ఒక్కరైనా చెప్పలేదేం తాతా?" అంది తెబోరా.

"చెబితే కేసు కొట్టేయరూ?" అని ఇయెరెమియా అక్కకేసి గడ్డం ఎగరేశాడు. "దీనికీ తెలుసు. ఇదీ చెప్పలేదు."

"నేనెందుకు చెబుతానురా? గెలుస్తాననుకున్నాగా!" అని రూటా నవ్వాపుకోలేక తమ్ముడి భుజం పట్టుకుంది. "పాతించు మరి నీ రాయి. పీతలు చూసి భయపడతాయి."

ఇయెరెమియా కూడా నవ్వాడు. సర్వేయరు రాయిని పడవలోంచి దించనే లేదు. తిరుగు ప్రయాణంలో తెబోరా నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. పడవ కింద పచ్చని వెలుతురు కదులుతూ ఉంది. కిందెక్కడో ఊరు మేలుకునే ఉందనీ, తామే దాని పైనుంచి మేఘంలా పోతున్నామనీ ఆమెకు అనిపించింది.

ఆ ఏడాదే నల్లకోటు వదిలేసి రాజధాని తరావాలో భూముల శాఖలో చేరింది. సముద్రం తినేసిన నేలను రికార్డుల్లోంచి కొట్టేయడం అక్కడి రివాజు. పేరైనా ఉంచమని ఆమె పై అధికారి బెరామి వెంటపడింది.

"చేపలకి పట్టాలిద్దామంటావా, తెబోరా?" అనేవాడాయన.

"చేపలకి కాదండీ. మీ తాతగారి తోట మునగలేదూ? దాని పేరేమిటి?"

బెరామికి ఆ పేరు తెలియదు. ఆ సాయంత్రం వాళ్ళ పెద్దమ్మను అడిగి మర్నాడు వచ్చి చెప్పాడు, గొంతు కాస్త తగ్గించి. అయినా నిబంధన మారడానికి చాలా కాలం పట్టింది. మారిన రోజున వాళ్ళిద్దరూ ఆఫీసు అరుగు మీద కూర్చుని కొబ్బరికల్లు తాగారు.

పేర్లు మిగిలాయి. కానీ వాటికి తావు లేదు. ఆ పేరున్న నేల నీళ్ళలో ఎక్కడుందో, అక్కడ ఎవరు వండుకున్నారో, ఎవరు తిట్టుకున్నారో ఆఫీసులో తెలిసేది కాదు. అందుకని తెబోరా ఉద్యోగం కూడా మానేసి, చిన్న టేప్‌రికార్డరుతో మయానా చేరింది. పరిశోధన అంది. ఊళ్ళో వాళ్ళు మాత్రం లాయరమ్మకి ఎండదెబ్బ తగిలిందన్నారు. జడ్జి పదవి ఇస్తామని తరావా నుంచి ఒకసారి కబురొచ్చింది. ఆలోచించుకుని చెబుతానంది. ఆ తర్వాత వాళ్ళూ అడగలేదు, ఆమె కూడా మరిచిపోయింది.

పోటు తగ్గి నీళ్ళు అద్దంలా నిలిచిన మధ్యాహ్నాల్లో అక్కాతమ్ముళ్ళు ఆమెను పడవెక్కించుకుని తిప్పేవారు.

"ఇదిగో, ఇదే మా వంటచావిడి," అనేవాడు ఇయెరెమియా, గెడను ఇసకలో గుచ్చి.

"వంటచావిడి కాదు నీ బొంద! అది పందుల దొడ్డి. వంటచావిడి అటు," అనేది రూటా. తర్వాత తెబోరా వైపు తిరిగి, "ఎవరి మాట రాసుకుంటావు? వాడిదేనా, మళ్ళీ?" అని నిలదీసేది.

"ఇద్దరిదీ అమ్మమ్మా."

"అదెలా కుదురుతుంది?"

"కోర్టులో కుదరదు. ఇక్కడ కుదురుతుంది."

రూటా అనుమానంగా చూస్తూనే, పండిన మొగలికాయ ఒకటి చీల్చి ఆమె చేతిలో పెట్టేది.

ఒక మధ్యాహ్నం బొత్తిగా గాలి లేదు. పడవ నీడ అడుగున ఇసక మీద నెమ్మదిగా పాకుతోంది. చాపలల్లే మొగలాకులు ఎక్కడ ఆరేసేవాళ్ళో, వాన రాగానే వాటిని ఎవరు పరిగెత్తి తీసేవాళ్ళో రూటా చెప్పుకుపోతోంది. తెబోరా పడవ అంచున తల ఆనించి, ఒక కాలు నీళ్ళలో వేలాడేసి వింటోంది. వింటూ వింటూ కళ్ళు మూతలుపడ్డాయి. ఎండిన ఆకుల వాసన వచ్చింది. ఎవరో వాకిలి ఊడుస్తున్నారు.

ఇంతలో రూటా చెయ్యి ఆమె మోకాలి మీద పడింది.

"కాలు పైకి తీసుకో తల్లీ," అంది ముసలావిడ మెల్లిగా. "అక్కడ మా అమ్మ పడుకుంటుంది."

తెబోరా కాలు పైకి తీసుకుంది.